ఆకు తిప్పి చూడు బిడ్డా

1980ల్లో మా ఎల్లారెడ్డిలో కూరగాయలు కొనుక్కునే ఇళ్లు తక్కువ. వారం అంగడిలో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఎల్లిపాయ కొనేవాళ్లు. మిగతావన్నీ పెరట్లోనే కాసేవి. వంకాయ, బెండకాయ, టమాట, పచ్చిమిరప, బీర, కాకర, సోర, చిక్కుడు, పుంటికూర. ఎవరింట్లో ఏది ముందు కాస్తే అది వాడకట్టులో నాలుగిళ్లకు పోయేది.

ఎల్లారెడ్డికి పడమట మంజీర మీద నిజాంసాగర్. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. తూర్పున, నాగిరెడ్డిపేట దిక్కు, అంతకన్నా ముందే 1922లో కట్టిన పోచారం. పెద్ద నీళ్లు వరికీ చెరుకుకీ పోయేవి. పెరడుకు మాత్రం ఇంటి బాయి నీళ్లు, అంట్లు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు. ఎండాకాలంలో కూడా ఆ మళ్లు పచ్చగా ఉండేవి కాబట్టి చుట్టుపక్కల పురుగులన్నింటికీ అదే దిక్కు. పురుగు రాకుండా చేయడం ఎవరి వల్లా కాదని మా అవ్వకు తెలుసు. వచ్చినదాన్ని మొదటి రోజునే గుర్తుపట్టడమే ఆమె నేర్చుకున్న, మాకు నేర్పిన విద్య.

తెల్లారి మొహం కడుక్కోగానే పిల్లలందరికీ తలా ఒక సాలు పంచేది. సాలు పొడుగునా నడుస్తూ ప్రతి చెట్టుకూ రెండు మూడు ఆకులు తిప్పి చూడాలి. పైపైన చూసి "ఏం లేదవ్వా" అంటే ఊరుకునేది కాదు.

"పైన సూస్తె ఏం గనవడ్తది? ఆకు తిప్పి సూడు బిడ్డా. గుడ్లు కిందనే వెడ్తయి."

నిజమే. వంకాయ ఆకు అడుగున పసుపురంగు సన్నని గుడ్లు గుంపుగా, నిటారుగా నిలబడి కనిపించేవి. అవి అక్షింతల పురుగువి. ఆ గుడ్లున్న ఆకును తుంపి సబ్బునీళ్ల డబ్బాలో వేస్తే అక్కడితో అయిపోయేది. ఆ పూట చూడకపోతే నాలుగైదు రోజుల్లో వాటి నుంచి ఒళ్లంతా ముళ్లున్న పసుప్పచ్చ పిల్లపురుగులు వచ్చి ఆకులోని పచ్చదనాన్ని గీరి తినేసేవి. అప్పుడు చెట్టు మీద ఈనెల జల్లెడ మాత్రం మిగిలేది. పిల్లపురుగుల దశకు వస్తే పొయ్యి బూడిద. పాతగుడ్డలో జల్లించి, మంచు తడి ఆరకముందే ఆకుల మీద పలుచగా దులిపేది. సన్నటి బూడిద తడికి అంటుకుంటుంది. మెత్తటి పురుగుల ఒంటి మీద పడి తేమ లాగేస్తుంది, నమిలే నోటికి ఆకు రుచించకుండా చేస్తుంది. బూడిదలో క్షారం ఎక్కువ కాబట్టి చెట్టు మొదట్లో గుమ్మరించకూడదని కూడా అవ్వే చెప్పింది.

వంకాయకు ఇంకో శత్రువు ఉంది, కొమ్మా కాయా తొలిచే పురుగు. దానికి బూడిదా కషాయమూ ఏదీ అందదు. గుడ్డు పగిలిన కొద్దిసేపటికే పిల్ల లేత కొమ్మలోకో కాయలోకో దూరిపోతుంది. పచ్చటి చెట్టు మీద ఒక్క కొస మాత్రం తల వాల్చి వాడిపోయి ఉంటే లోపల పురుగున్నట్టే. వాడిన చోటు కంటే నాలుగు వేళ్ల కిందికి తుంచి, చీల్చి చూపించేది. లోపల సన్నటి గులాబీరంగు పురుగు కదిలేది. ఆ కొసలనూ పుచ్చిన కాయలనూ పెంటకుప్పలో వేయనిచ్చేది కాదు, పొయ్యిలో పడాల్సిందే. తెలుగు వంటింట్లో వంకాయకున్న స్థానం తెలిసినవాళ్లకు ఈ పురుగు చేసే నష్టమేమిటో చెప్పనక్కర్లేదు. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయను తయారుచేసింది ఈ ఒక్క పురుగు కోసమే. దాని మీద దేశమంతా వాదోపవాదాలు జరిగి, హైదరాబాద్‌లోనూ బహిరంగ విచారణ పెట్టి, చివరికి 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. ఆ వాదనలు చదివినప్పుడల్లా అవ్వ వేళ్ల మధ్య చీలిన వంకాయ కొస గుర్తొచ్చేది.

మిరప చెట్టు దగ్గర పాఠం వేరు. ఆకు పడవ ఆకారంలో పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండూ కంటికి ఆనవు. అవ్వ తన తెల్లచీర కొంగు పట్టి కొమ్మను తట్టేది. కొంగు మీద సన్నటి దారప్పోగు ముక్కలు పాకితే తామర పురుగే. దానికి వేప కషాయం, నల్లికి పులిసిన మజ్జిగ. టమాట ఆకు ముడుచుకుని చెట్టు గిడసబారినా, బెండ ఆకు ఈనెలు పసుపెక్కినా మాత్రం ఏ కషాయం జోలికీ పోయేది కాదు. చెట్టు పీకి దూరంగా కాల్చేసేది. "గిది రోగం, పురుగు గాదు. పక్కదానికి అంటుతది" అనేది. తెల్లదోమ ఒక చెట్టు రసం పీల్చి ఇంకో చెట్టు మీద వాలినప్పుడు వైరస్‌ను మోసుకెళుతుందని నేను కాలేజీలో చదువుకున్నాను. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు, తీసేయడం ఒక్కటే దారి. చదువుకోని అవ్వ చేసింది సరిగ్గా అదే.

ఏ పురుగు ఎప్పుడొస్తుందో కార్తెలను బట్టి లెక్క ఉండేది. మిరుగం నాటికి గింజలు పెట్టేవాళ్లం. ఆరుద్ర కార్తె వానలకు ఎర్రటి మెత్తటి ఆరుద్ర పురుగులు నేల మీద తిరిగేవి. వాటిని అగ్గిపెట్టెల్లో పెట్టుకోవడం పిల్లల సరదా, విడిచిపెట్టించడం అవ్వ పని. అవి మొక్కను ముట్టవు. పెద్దయ్యాక భూమిలోని చిన్న పురుగులనూ వాటి గుడ్లనూ తింటాయి. అదే వానలకు చేన్లలో ఎర్ర గొంగళి పురుగు రెక్కలపురుగులు భూమిలోంచి లేచేవి. ఆ రాత్రులు తాత, పక్క చేన్లవాళ్లు కలిసి గట్ల మీద మంటలు వేసేవాళ్లు. రెక్కలపురుగులు వెలుగుకు వచ్చి మంటలో పడేవి. తప్పించుకున్న వాటి పిల్లలు ఆముదం చేనుకు పాకి వచ్చే దారిలో కందకం తీసి, జిల్లేడు కొమ్మలు పరిచేవాళ్లు. గొంగళి పురుగులకు జిల్లేడు ఇష్టం. పొద్దున్నే కొమ్మల కింద చేరినవాటిని ఏరి పూడ్చేవాళ్లు. ఒక్క రైతు చేస్తే దానివల్ల లాభం లేదు. అందరూ ఒకే రాత్రి చేస్తేనే పని జరిగేది.

అదే కాలంలో వేపపండ్లు రాలేవి. బడి విడిచాక పిల్లలమంతా గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరేవాళ్లం. పండు గుజ్జు కడిగేసి, గింజలను గోనెసంచుల మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే తిట్లు తప్పేవి కావు. ఆరినవాటిని గాలి ఆడే గంపలో ఎత్తిపెట్టి, పచ్చిమిరపా టమాటా పూతకొచ్చే నాటికి దంచేవాళ్లం. పది లీటర్ల నీళ్లకు అర్ధకిలో గింజల పప్పు. మెత్తగా దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా కొద్దినీళ్లలో నానబెట్టి, మర్నాడు మూటను పిండి పిండి పాలలాంటి రసం తీసి, మిగతా నీళ్లు కలపాలి. ఆకుకు పట్టుకోవడానికి కుంకుడుకాయ రసం. చల్లేది ఎప్పుడూ పొద్దుగూకే వేళే. చీపురుకట్ట ముంచి, కింది నుంచి పైకి, ఆకు అడుగు తడిసేలా చిలకరించేది.

మర్నాడు చూస్తే పురుగులు ఇంకా బతికే ఉండేవి. నేను నిరాశగా చెప్తే అవ్వ పురుగును కాదు, ఆకును చూడమనేది.

"సావకుంటె ఏమాయె? తింటలేదు గదా! గది సాలు."

వేప పనిచేసే తీరు అదే. అందులోని అజాడిరాక్టిన్ పురుగుకు తిండి మీద రుచి పోగొడుతుంది, ఒంటి పొర విడిచి పెరిగే క్రమాన్ని చెడగొడుతుంది. ఎండ తగిలితే ఆ గుణం త్వరగా పోతుంది, అందుకే సాయంత్రం చల్లాలి. 1959లో సూడాన్‌లో మిడతల దండు కనిపించిన పచ్చదనాన్నంతా తినేసి వేపచెట్లను మాత్రం వదిలేయడం జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముటరర్ చూశాడు. అక్కణ్నుంచి వేప మీద ప్రపంచవ్యాప్తంగా పరిశోధన ఊపందుకుంది. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ యూరప్‌లో పేటెంట్ కూడా తీసుకున్నాయి. భారతదేశంలో రైతులు ఎప్పటినుంచో చేస్తున్న పని కొత్త ఆవిష్కరణ ఎలా అవుతుందని వందన శివ మొదలైనవాళ్లు పోరాడారు. యూరోపియన్ పేటెంట్ కార్యాలయం 2000లో దాన్ని రద్దు చేసింది, 2005లో అప్పీలును కూడా కొట్టేసింది. ఆ వార్త చదివిన రోజు మా పెరటి వేపచెట్టుకు న్యాయం జరిగిందని సంతోషించాను.

చలికాలం చిక్కుడుది. పందిరి నిండా ఊదా పూలు పూసేవి, పూల కాడలకు నల్లటి పేనుబంక పట్టేది. దాని జిగురు కారి కింది ఆకులు మెరిసేవి, ఆ మెరుపు మీద మసి పేరుకునేది. పేనుబంక ఉన్నచోట చీమల వరుస ఉంటుంది. జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. కాబట్టి చీమలు పందిరి గుంజ ఎక్కుతుంటే ఆ కొమ్మను వెతకమనేది అవ్వ. ఎక్కువ పట్టిన కొసలు తుంచేసి, మిగతా చోట నీళ్లు విసిరి కొట్టి, సబ్బునీళ్లు చల్లేది.

అయితే అంతకంటే ముందు ఒక పని ఉండేది. పేనుబంక మధ్య ఎర్రగా నున్నగా మెరిసే, నల్లచుక్కల గుండ్రటి పురుగులున్నాయా అని చూడాలి. నల్లటి పొడుగాటి ఒంటి మీద నారింజ మచ్చలున్న వాటి పిల్లలున్నాయా అని కూడా. ఉంటే ఆ కొమ్మ ముట్టుకోవద్దు. అవి పేనుబంకను తింటాయి. వంకాయ మీది అక్షింతల పురుగు మసకగా, నూగుతో ఉంటుంది. చిక్కుడు మీద పేనును తినేది నిగనిగలాడుతుంది. ఈ రెండింటినీ విడదీసి గుర్తుపట్టగలిగిన పిల్లకే అవ్వ సబ్బునీళ్ల డబ్బా చేతికిచ్చేది.

ఒక చలికాలం మా కాక అంగడి నుంచి బీహెచ్‌సీ పొడి తెచ్చాడు. అప్పట్లో అందరూ వాడేదే. పాతగుడ్డలో మూటకట్టి పందిరి మీద దులిపాడు. తెల్లారేసరికి పేనుబంక మాడిపోయి రాలింది. ఇంట్లో అందరికీ సంతోషమైంది. కొన్ని రోజులకే చిగుర్లన్నీ మళ్లీ నల్లబడ్డాయి, మునుపటి కంటే ఎక్కువగా. అవ్వ పందిరి కింద నిలబడి చాలాసేపు వెతికింది. ఒక్క ఎర్రపురుగు లేదు, ఒక్క సాలీడు లేదు.

"తినేటోళ్లు సచ్చిండ్రు. తిండి మళ్లొచ్చింది" అన్నది కాకతో.

పురుగుమందుల చరిత్ర అంతా ఆ రెండు మాటల్లో ఉంది. పేనుబంక ఆడపురుగు మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లల్ని కంటాయి. దాన్ని తినే ఎర్రపురుగు గుడ్డు నుంచి పెద్దది కావడానికి దాదాపు నెల పడుతుంది. ఇద్దర్నీ ఒకేసారి చంపితే ముందుగా తేరుకునేది పేనుబంకే. కాక ఆ తర్వాత పెరట్లో పొడి చల్లలేదు. పంటల్లో డీడీటీ వాడకాన్ని మన దేశం 1989లో ఆపింది. బీహెచ్‌సీని 1997లో నిషేధించింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో ఆపింది.

మా వాడకట్టులో అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో చాలా ఇళ్లు ఆ పని మీదే నడిచేవి. చాటలో మిగిలిన తంబాకు పొడిని నానబెట్టి పేనుబంక మీద చల్లేవాళ్లు కొందరు. పేను చచ్చేది, నిజమే. కానీ తంబాకులోని నికోటిన్ మనిషికీ తేనెటీగకూ కూడా విషం. పైగా పొగాకు ముట్టిన చేత్తో టమాట, మిరప ముట్టుకుంటే మొజాయిక్ తెగులు అంటుకుంటుంది. అవ్వ పిల్లలను దాని దగ్గరికి రానిచ్చేది కాదు, బీడీలు చుట్టి వచ్చినవాళ్లను చేతులు కడుక్కోకుండా మడిలోకి దిగనిచ్చేది కాదు. ఆకు నుంచి వచ్చిందైనా విషం విషమే అని ఆమెకు స్పష్టంగా తెలుసు. ఈ మాట ఇప్పటి వాళ్లకు మరీ అవసరం.

టమాట సాళ్ల మధ్య అవ్వ బంతి నారు పోసేది. బతుకమ్మకు పూలు కావాలని మాకు తెలుసు. శనగపచ్చ పురుగు తల్లి బంతి పువ్వు మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుందని, అందువల్ల టమాట కాయలకు పుచ్చు తగ్గుతుందని, బంతి వేళ్లు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. పురుగుకు పెట్టిన ఎర ఇది, పువ్వుగా కోసుకుని బతుకమ్మలో పేర్చుకున్నదీ ఇదే. పూలు కోసేటప్పుడు మొగ్గల్లో దాక్కున్న పచ్చపురుగులను ఏరేయడం ఆడపిల్లల పని. పండుగ ముందు రోజుల్లో ఆ పని ఎంతో శ్రద్ధగా జరిగేది, ఎందుకంటే పురుగున్న పువ్వు బతుకమ్మలోకి పోకూడదు. తాత కంది చేనులో ఎండు తుమ్మ కొమ్మలు నాటేవాడు. పాలపిట్టలు, నల్లటి ఏట్రింతలు వాటి మీద వాలి కాచుకుని పురుగును పట్టేవి. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరంతా చేన్లకు పోయేది. మా తాత చేనుకు పోతే అది తప్పకుండా కనిపించేది.

హైస్కూలు చదువుకు నన్ను కామారెడ్డికి తీసుకొచ్చారు. బాపు అక్కడి గంజిలో, అంటే మార్కెట్‌లో, బెల్లం వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు. కామారెడ్డి బెల్లానికి పేరు. సీజన్‌లో గంజి మొత్తం తియ్యటి వాసనతో నిండి ఉండేది. రైలుకట్ట దగ్గరి కిరాయింట్లో గోడ పక్కన జానెడు నేల, అందులో అమ్మ వేసిన కాకర పాదు, నిమ్మ మొక్క, మందార.

కాకరకు పండు ఈగ పట్టింది. లేత పిందె మీద సూదిమొన గాటు, అక్కడ జిగురు చుక్క. కాయ పండకముందే పసుపెక్కి వంకర పోయేది. కోస్తే లోపల తెల్లపురుగులు. అమ్మ కూడా అవ్వ దగ్గర నేర్చుకున్నదే కాబట్టి కంగారు పడలేదు. గాటుపడిన పిందెలన్నీ కోసి, రెండడుగుల గుంటలో పూడ్చింది. పురుగు కాయలోంచి నేలలో పడి అక్కడే కోశస్థ దశ గడుపుతుంది. కాబట్టి పాదు కింద మట్టిని వారం వారం తిరగేసేది. ఇంటివాళ్ల కోళ్లు వచ్చి ఆ మట్టిని కెలికి ఏరుకు తినేవి. బాపు గంజి నుంచి తెచ్చిన బెల్లపు మడ్డిని నీళ్లలో కలిపి, పులియబెట్టి, పగిలిన చిప్పల్లో పోసి పందిరికి వేలాడదీసింది. ఈగలు అందులో పడేవి. మంచి పిందెలకు పాత నోటుబుక్కు కాగితాలు చుట్టింది. నా ఆరో తరగతి లెక్కలన్నీ ఆ పందిరికి వేలాడాయి.

నిమ్మ మొక్క మీద పిట్ట రెట్ట పడిందనుకుని కడగబోతే అది కదిలింది. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల చిన్నప్పుడు అచ్చంగా రెట్ట రంగులో ఉండి పిట్టల కన్ను కప్పుతుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది. చిన్న మొక్కకు ఒక్క పురుగు చాలు, ఆకులన్నీ ఖాళీ. చేత్తో ఏరేయడం కంటే మంచి మందు దానికి లేదు. మందారకు పిండినల్లి. తెల్లటి దూది కింద మెత్తటి పురుగులు, వాటి చుట్టూ మళ్లీ చీమలు. అమ్మ పాత పళ్లకుంచెను సబ్బునీళ్లలో ముంచి దూదిని రుద్ది తీసేది, ఎక్కువ పట్టిన కొమ్మను కోసేసేది.

ఈ పద్ధతులు ఒక్క పెరటికే సరిపోతాయని ఎవరైనా అంటే ఒప్పుకోను. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు పత్తిలో పురుగుమందుల అప్పుల్లో మునిగి, వేప కషాయాలకూ ఎర పంటలకూ మళ్లి, 2003లో తమ ఊరిని పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనబావి 2006 నాటికి ఊరు ఊరంతా సేంద్రియ సాగులోకి వచ్చింది. ఆ రెండు చోట్లా రైతులు మొదట నేర్చుకున్నది కషాయం కాయడం ఒక్కటే కాదు. ఏ పురుగు ఏ దశలో ఏ ఆకు మీద ఉంటుందో, దాన్ని తినేది ఏదో చేన్లో నిలబడి చూడడం నేర్చుకున్నారు.

ఇప్పుడు కామారెడ్డి జిల్లా కేంద్రం. డాబాల మీద తొట్లలో టమాట, వంకాయ పెంచుతున్నవాళ్లను చూస్తే నాకు చాలా ఇష్టం. కానీ చాలామంది ఆకు మీద మచ్చ కనపడగానే దుకాణానికి పోయి ఏదో ఒక సీసా తెస్తున్నారు. సీసా మీద సేంద్రియం అని రాసి ఉన్నంత మాత్రాన అది మీ చెట్టు జబ్బుకు పనికొస్తుందని కాదు. వైరస్ సోకిన బెండకు వేపనూనె కొట్టినా దండగ. కొమ్మలో దూరిన పురుగు మీద పైన చల్లినా దండగ. ఎర్రపురుగులు పనిచేస్తున్న చిక్కుడు మీద ఏది చల్లినా నష్టమే. తెల్లారి ఐదు నిమిషాలు, ప్రతి చెట్టుకూ రెండాకులు. గుడ్లు, పురుగు, చీమల వరుస, వాడిన కొస, ముడుచుకున్న ఆకు. వీటిని చూడడం అలవాటైతే చాలా మందుల అవసరమే రాదు. మిగిలినవాటికి వేపగింజలు, సబ్బునీళ్లు, బూడిద, మన రెండు చేతులు ఉన్నాయి.

ఎల్లారెడ్డి, లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి బడుల్లో మధ్యాహ్న భోజనానికి కూరగాయల మళ్లు వేయిస్తే, వాటి బాధ్యతను పిల్లలకే అప్పగించాలని నా కోరిక. ఏడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా పిల్లవాడూ అక్షింతల పురుగునూ దాని పోలికలోనే ఉండే మిత్రపురుగునూ విడదీసి చూపగలగాలి, పైముడతా కిందిముడతా చెప్పగలగాలి, వేపపప్పు కషాయం తమ చేత్తో తీయగలగాలి. దీనికి పుస్తకం కొనాల్సిన పని లేదు, ప్రయోగశాల కట్టాల్సిన పని లేదు. ఊళ్లో ఇంకా ఉన్న అవ్వలను వారానికొక పూట బడికి పిలిచి, వాళ్లకు గౌరవంగా కుర్చీ వేసి, పిల్లలను వాళ్ల వెంట సాళ్లలోకి పంపితే చాలు. ఆ అవ్వలు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.